ఊరు చెల్లాచెదురుగా పాకకుండా పెంచుకోవడం ఎలా?

"మా కాలనీ అవతల మొన్నటిదాకా పొలాలుండేవి. ఇప్పుడు హద్దు రాళ్లు పాతేశారు. రోడ్డు లేదు, నీళ్లు లేవు, అప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. దీన్ని ఆపేదెలా?"

నన్ను ఇంతగా ఇంకే ప్రశ్నా అడగరు. అడిగేవాళ్లు మారతారు, ఊళ్లు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. నా జవాబూ అదే: ఆపలేరు. జనం పెరుగుతున్న ఊరు పెరిగే తీరుతుంది. మీ చేతిలో ఉన్నవి రెండే. ఎటు పెరగాలి, ఏది ముందు రావాలి. రోడ్డు, నీళ్ల పైపు ఎటు వెళ్తే ఇళ్లూ అటే వెళ్తాయి. కాబట్టి మ్యాపు మీద రంగులు వేసే ముందు, వచ్చే పదేళ్లలో పైపు ఎటు పోబోతోందో కనుక్కోండి.

ఇది నివాసుల సంఘాల వాళ్ల కోసం, స్థానిక ప్రతినిధుల కోసం, చిన్న పట్టణాల్లో ప్లానింగ్ పని నెత్తిన పడ్డ ఉద్యోగుల కోసం రాస్తున్నాను. చట్టాలు, అనుమతుల పేర్లు ఒక్కో చోట ఒక్కో రకం. లెక్కలు మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఏమేం కావాలి

- ఊరు ఎంతమేర కట్టి ఉందో చూపే రెండు మ్యాపులు, మధ్య పదేళ్ల తేడాతో. గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలు చూసే సదుపాయం ఉంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, ఉచితం. యూరోపియన్ కమిషన్ వారి గ్లోబల్ హ్యూమన్ సెటిల్‌మెంట్ లేయర్‌లో 1975 నుంచి ఐదేళ్లకోసారి కట్టిన ప్రాంతం లెక్క దొరుకుతుంది. అదీ ఉచితమే.
- దాదాపు అవే సంవత్సరాల జనాభా లెక్కలు.
- ఇప్పుడు అమల్లో ఉన్న మాస్టర్ ప్లాన్, జోనింగ్ మ్యాపు (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది). దాంతోపాటు నీటి సరఫరా, మురుగునీటి విభాగాల విస్తరణ ప్రణాళిక. మొదటిది అందరూ అడుగుతారు, రెండోది ఎవరూ అడగరు. అసలు కథ రెండోదాంట్లోనే ఉంటుంది.
- గత ఐదేళ్లలో ఇచ్చిన లేఅవుట్, ఇళ్ల అనుమతుల జాబితా.
- మ్యాపులు గీసుకునే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అది రాకపోతే పెద్ద ప్రింటు, ట్రేసింగ్ పేపరు, మూడు రంగుల పెన్సిళ్లు చాలు. నేను మొదటిసారి చేసింది పెన్సిళ్లతోనే.
- ఐదారుగురు మనుషులు. ఒకరికి జమాఖర్చులు తెలిసి ఉండాలి, ఒకరికి ఎండలో నడిచే ఓపిక ఉండాలి. శివార్లో భూమి ఉన్న ఒకరిద్దరిని తప్పకుండా కలుపుకోండి. వాళ్లను బయట ఉంచితే చివరి సమావేశంలో మీ ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే.

1. ముందు కొలవండి

"ఊరు విపరీతంగా పెరిగిపోయింది" అనేది మాట. కొలత కావాలి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.3.1 అనే సూచిక ఇందుకోసమే ఉంది. నేల వాడకం ఏటా ఎంత శాతం పెరిగిందో, జనాభా ఏటా ఎంత శాతం పెరిగిందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించడమే.

ఒక ఊరు పదేళ్లలో 20 చదరపు కిలోమీటర్ల నుంచి 32కు పెరిగిందనుకోండి. అంటే ఏటా 6 శాతం. జనాభా లక్ష నుంచి లక్షా ముప్ఫై వేలు అయింది. సంవర్గమానంతో (లాగరిథమ్) లెక్కేస్తే ఏటా సుమారు 2.6 శాతం. భాగిస్తే 2.3 వస్తుంది. 1 దాటిందంటే జనం కన్నా నేల వేగంగా పరిగెడుతోందని అర్థం.

సంవర్గమానాలంటే తలనొప్పి అనుకునేవాళ్లు తలసరి నేల చూసుకోండి. ఇదే ఊళ్లో మనిషికి 200 చదరపు మీటర్లు ఉన్నది 246 అయింది. సమావేశంలో చెప్పడానికి ఈ అంకే బాగుంటుంది, అందరికీ తలకెక్కుతుంది.

రెండు జాగ్రత్తలు. రెండు మ్యాపులకూ ఒకే హద్దు తీసుకోండి. మధ్యలో పక్క గ్రామాలు ఊళ్లో విలీనమై ఉంటే లెక్క మొత్తం తలకిందులవుతుంది. జనాభా పెరగని ఊళ్లలో, తగ్గుతున్న ఊళ్లలో ఈ నిష్పత్తి అర్థం లేని అంకెలిస్తుంది. అక్కడ తలసరి నేల మాత్రమే వాడండి. ఇంకో మాట: ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతున్న ఊరికి 1 కన్నా కొంచెం ఎక్కువ రావడం తప్పు కాదు, వాళ్లకు గాలాడాలి కదా.

2. లోపల ఎంత ఖాళీ ఉందో లెక్కపెట్టండి

ఇప్పటికే రోడ్డు, నీళ్లు, మురుగు పైపు ఉన్న ప్రాంతంలో ఖాళీ ప్లాట్లు, మూతపడ్డ గోదాములు, బస్‌స్టాప్ పక్కనే ఉన్న ఒంటి అంతస్తు షెడ్లు, బయలు పార్కింగ్ స్థలాలు అన్నీ గుర్తించండి. పార్కింగును చిన్నచూపు చూడకండి. కారు నిలిచే చోటు, అది మలుపు తిరిగే దారి కలిపితే ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. 200 కార్ల పార్కింగ్ అంటే అర హెక్టారు పైమాటే.

మూడు రంగులు వాడండి. ఈ రోజే కట్టుకోగలిగేవి ఆకుపచ్చ. ఏదో ఒక నిబంధన మారిస్తే కట్టగలిగేవి పసుపు. కోర్టు గొడవల్లో ఉన్నవి, వారసులు ఎక్కడెక్కడో ఉన్నవి, కాలుష్యంతో పాడైనవి ఎరుపు.

చాలామంది మూడు రంగులూ కలిపేసి "లోపలే బోలెడు చోటుంది" అని ప్రకటించేస్తారు. ఇది పచ్చి మోసం, మనల్ని మనమే చేసుకునేది. ఆకుపచ్చ మొత్తం లెక్కేయండి, పసుపు సగమే లెక్కేయండి, ఎరుపు మర్చిపోండి.

ఇప్పుడు అదే ఊరికి వచ్చే పదేళ్లలో ఇంకో 30,000 మంది వస్తారనుకుందాం. ఇంటికి ముగ్గురు చొప్పున 10,000 ఇళ్లు కావాలి. ఆకుపచ్చలో 1,800, పసుపులో 4,000కు సగం 2,000 పడతాయి. మిగిలినవి 6,200. రోడ్లతో కలిపి హెక్టారుకు 60 ఇళ్ల చొప్పున, అంటే రెండు మూడు అంతస్తుల మామూలు ఇళ్లతో, వాటికి దాదాపు 103 హెక్టార్లు చాలు. బడులు, పని చోట్లు, పార్కులు కలిపి రెట్టింపు వేసుకున్నా 2 చదరపు కిలోమీటర్లు. గత పదేళ్లలో అదే 30,000 మంది కోసం 12 చదరపు కిలోమీటర్లు మింగేశాం! ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ తర్వాత మీరు పెద్దగా వాదించాల్సిన పని ఉండదు.

3. ఒక్కో వీధికీ ఖర్చు కట్టండి

పొలం అందాలు, పక్షులు అని మొదలుపెడితే ఖజానా చూసే మనిషి గడియారం చూస్తాడు. పైపు మీటర్ల గురించి మాట్లాడండి, పెన్ను తీస్తాడు.

100 ఇళ్లు, రోడ్డుకు రెండు వైపులా. ఇంటి ముందు వెడల్పు 20 మీటర్లయితే 1,000 మీటర్ల రోడ్డు కావాలి. 8 మీటర్లయితే 400 మీటర్లు. ఆ తేడా 600 మీటర్ల తారు, అంతే పొడవు నీళ్ల పైపు, మురుగు పైపు, దీపాలు, వాననీటి కాలువ. చెత్త బండి ఆ 600 మీటర్లు అదనంగా రోజుకొక్కసారి తిరిగినా ఏడాదికి 219 కిలోమీటర్లు. ఇది ఒక్క వీధి సంగతి.

"రోడ్డు లేఅవుట్ వాళ్లే వేస్తారుగా, మనకేం ఖర్చు?" అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, మొదటిసారి వాళ్లే వేస్తారు. రెండోసారి ఎవరు వేస్తారు? అప్పగించాక మరమ్మతు, మళ్లీ తారు, పగిలిన పైపు, అన్నీ ఊరి నెత్తిన పడతాయి. పన్నులు మొదటి ఏడాది నుంచే వస్తాయి, పెద్ద ఖర్చు ఇరవై ఏళ్లకు వస్తుంది. అందుకే ఏ కొత్త లేఅవుట్ అయినా మొదట్లో లాభసాటిగానే కనిపిస్తుంది.

నేను కూర్చున్న ఒక కమిటీలో అప్పగింత కాగితాలు తిరగేస్తుంటే మురుగు పైపు వ్యాసం రాయాల్సిన గడి ఖాళీగా కనిపించింది. అడిగితే "అంతా ప్లాన్ ప్రకారమే" అన్నారు. మేమూ సరేనన్నాం. నాలుగేళ్లకు పై వీధి నీళ్లు కింది ఇళ్ల బాత్రూముల్లోకి తన్నుకొచ్చాయి. రోడ్డు తవ్వి చూస్తే ప్లాన్‌లో ఉన్నదానికన్నా సన్న పైపు. అప్పటికి ఆ లేఅవుట్ వేసినవాళ్లు ప్లాట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోయారు. ఆ ఖాళీ గడి ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది. కాగితంలో ఖాళీ గడి కనిపిస్తే సంతకం పెట్టకండి.

చేయాల్సిన పట్టిక చిన్నదే. నాలుగు రకాల వీధులు ఎంచుకోండి: పాత బజారు, నడిమి కాలనీ, శివారు లేఅవుట్, హైవే పక్క పెద్ద దుకాణం. ఒక్కోదానికి హెక్టారుకు ఎంత పన్ను వస్తోంది, ఎన్ని మీటర్ల రోడ్డు, పైపు ఊరు చూసుకోవాలి అని రాయండి. మొత్తం పన్ను రాయకండి, హెక్టారుకు రాయండి. పెద్ద దుకాణం మొత్తం పన్ను చూసి అందరూ మురిసిపోతారు. హెక్టారుకు లెక్కేస్తే పెచ్చులూడిన పాత బజారే దాన్ని దాటేయడం మామూలే.

4. గీత గీయండి, కానీ గీతనే నమ్ముకోకండి

ఊరు ఇంతవరకే అని హద్దు గీయడం బాగా తెలిసిన పద్ధతి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1973లో చట్టం చేసింది, పోర్ట్‌ల్యాండ్ ప్రాంతానికి 1979లో గీత పడింది. ఆ గీత శాశ్వతం కాదు. లోపల రాబోయే 20 ఏళ్ల ఇళ్లకు సరిపడా చోటు ఉందా అని కొన్నేళ్లకోసారి చూసి, లేకపోతే జరుపుతారు. గీత కన్నా ఆ జరిపే పద్ధతే ముఖ్యం. మెల్‌బోర్న్ 2002లో గీత గీసింది, ఆ తర్వాత పలుమార్లు బయటికి జరిపింది. ఎలాగూ జరుగుతుందని తెలిస్తే గీత అవతల భూములు కొనిపెట్టుకునేవాళ్లు తయారవుతారు.

ఇంకో ప్రమాదం గెంతు. సియోల్ చుట్టూ 1971లో కట్టడాలకు వీల్లేని పచ్చని వలయం పెట్టారు. వలయం నిలిచింది, కానీ జనం పెరగడం ఆగలేదు. బుందాంగ్ లాంటి కొత్త పట్టణాలు వలయం దాటి అవతల లేచాయి. అక్కడివాళ్లు రోజూ ఆ పచ్చదనం దాటుకుని నగరంలోకి పనికి రావాల్సి వచ్చింది.

కాబట్టి గీత గీసేటప్పుడు ఇలా చేయండి:

- వాగు, గుట్ట, నీటి పరీవాహక హద్దు వెంబడి గీయండి. ఎవరి సర్వే నంబరు లోపల, ఎవరిది బయట అన్నది గీతను నడిపించకూడదు.
- ఎవరు, ఎన్నేళ్లకోసారి, ఏ అంకెలు చూసి జరపాలో అదే కాగితంలో రాయండి.
- మధ్యలో "ప్రత్యేక కారణాల వల్ల" అనే మాటకు చోటివ్వకండి.

గీత గీసే అధికారం మీకు లేదా? అయితే డబ్బుతో గీయండి. మేరీల్యాండ్ రాష్ట్రం 1997లో చేసిందదే. బయట కట్టొద్దని ఎవరినీ ఆపలేదు, ఎంపిక చేసిన ప్రాంతాల బయట ఎదుగుదలకు రాష్ట్రం సొమ్ము ఇవ్వబోమంది. మీ ఊళ్లో పైపు ఏ వీధి దాకా వేస్తారో ఒక తీర్మానంతో ఖరారు చేయడం కూడా ఇలాంటిదే, చాలా తేలిక కూడా. మూడో దారి కోపెన్‌హేగన్‌ది. 1947 ప్రణాళికలో ఊరిని అరచేయిలా, రైలు మార్గాలను ఐదు వేళ్లలా అనుకుని, వేళ్ల వెంబడే ఇళ్లు పెంచి సందుల్లో పచ్చదనం ఉంచారు. రైలు గానీ, నమ్మకంగా తిరిగే బస్సు గానీ ఉంటేనే ఇది ఆలోచించండి. లేకపోతే అవి కార్ల వేళ్లవుతాయి.

5. లోపల కట్టుకోనివ్వండి

గీత గీసి ఈ మెట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. బయట తలుపు మూసి లోపల కట్టనివ్వకపోతే అద్దెలు పెరుగుతాయి, తిట్లు మీకు తగులుతాయి. తగలాల్సిందే.

చాలా ఊళ్లలో దగ్గరదగ్గరగా ఇళ్లు కట్టడానికి అడ్డం డబ్బు కాదు, మనమే రాసుకున్న నిబంధనలు. కనీస ప్లాటు సైజు, ఇంటికిన్ని కార్ల పార్కింగ్ తప్పనిసరి, నాలుగు వైపులా సెట్‌బ్యాక్ (వదలాల్సిన ఖాళీ), ఇళ్ల మధ్య దుకాణం నిషేధం. ఒక్కోటీ విడిగా చూస్తే మంచిదే అనిపిస్తుంది. అన్నీ కలిపి చిన్న ప్లాటు మీద గీసి చూడండి. కట్టడానికి మిగిలేది ఒక మెట్ల గది.

ఇది నిజంగా చేయండి. మీ ఊళ్లో అందరికీ నచ్చిన పాత వీధి ఒకటి తీసుకుని, ఇప్పటి నిబంధనల ప్రకారం ఆ ఇళ్లలో ఎన్నింటికి అనుమతి దొరుకుతుందో లెక్కపెట్టండి. నేను చేసినప్పుడు ఇరవైలో రెండు పాసయ్యాయి.

ఏది ముందు మార్చాలి? నన్నడిగితే పార్కింగ్. ఎవరి భూమీ పోదు, ఎవరి ఇల్లూ మారదు. అమెరికాలోని బఫెలో నగరం 2017లో ఊరంతటా పార్కింగ్ తప్పనిసరి అనేదాన్ని తీసేసింది. కావాలనుకున్నవాళ్లు కట్టుకుంటారు, అంతే. తర్వాత ప్లాటు సైజు. జోనింగ్ చట్టమే లేని హ్యూస్టన్‌లో కూడా కనీస ప్లాటు 5,000 చదరపు అడుగులని ఉండేది. 1998లో లోపలి రింగు రోడ్డు పరిధిలో దాన్ని 1,400కు దించారు. ఒక్క ఇల్లున్న చోట మూడు వరుస ఇళ్లు లేచాయి, ఖాళీగా పడున్న స్థలాలు నిండాయి. 2013లో దాన్ని రింగు రోడ్డు బయటికీ విస్తరించారు.

ఊరంతా ఒకేసారి మార్చే ధైర్యం లేకపోతే బస్సు, రైలు స్టాపుల చుట్టూ 400 మీటర్లతో మొదలుపెట్టండి. అంటే ఐదు నిమిషాల నడక. రెండేళ్లు చూసి 800కు పెంచండి.

ఇరుగుపొరుగు భయాలు మూడే ఉంటాయి: ఎండ రాదు, కాలువ పొంగుతుంది, బండ్లు పెరుగుతాయి. రెండోది నూటికి తొంభై సార్లు న్యాయమైన భయం. పైపు సామర్థ్యం లెక్క చూపించకుండా అదనపు అంతస్తు అడగకండి. లెక్కలో తేడా వస్తే ముందు పైపు మార్చి తర్వాత నిబంధన మార్చండి.

6. బయటికి వెళ్లక తప్పని చోట రోడ్డు ముందు, ఇల్లు తర్వాత

రెండో మెట్టులో తేలిన ఆ రెండు చదరపు కిలోమీటర్ల సంగతి ఇది. పొలాలు పొలాలుగా ఉన్నప్పుడే రోడ్ల హద్దులు రాళ్లు పాతి గుర్తించండి. తారు అక్కర్లేదు, గుర్తుంటే చాలు. న్యూయార్క్ 1811లో మన్‌హటన్ దీవి మీద 155వ వీధి దాకా గళ్లు గీసేసింది, అప్పటికి అందులో ఎక్కువ భాగం పొలాలే. బార్సిలోనాలో సెర్దా అనే ఇంజినీరు 1859 ప్రణాళిక మామూలు వీధి వెడల్పు 20 మీటర్లు, ఒక్కో గడి భుజం 113 మీటర్లు అని ముందే తేల్చింది. ఆ గడుల మధ్య ఇప్పటికీ జనం హాయిగా నడుస్తున్నారు. ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ యూఎన్-హాబిటాట్ సలహా ఏమిటంటే వీధులకు కనీసం 30 శాతం నేల, చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధులు. లేఅవుట్ ప్లాన్ చేతికొచ్చినప్పుడు ముందు ఈ రెండు అంకెలు సరిచూడండి.

భూమి ఎలా వస్తుందంటే, కొనక్కర్లేదు. యజమానులు తలా కొంత భాగం రోడ్లకు, పార్కులకు వదిలి, మిగిలింది సరైన ఆకారంలో, రోడ్డు ముఖంతో వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1902లోనే దీనికి చట్టం వచ్చింది, జపాన్ నగరాలు దీన్ని విరివిగా వాడుకున్నాయి. నేల తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. జాగ్రత్త: కాగితం మీద పేరు లేకుండా ఆ భూమి మీద బతికే కౌలుదార్లు, కూలీలు ఉంటారు. పట్టిక రాసేటప్పుడే వాళ్లను రాయకపోతే తర్వాత ఎవరికీ గుర్తు రారు.

ఇక గోడలు. ఒక కాలనీలో పెద్దావిడ నన్ను బాల్కనీలోకి పిలిచి, ఎదురుగా మందుల షాపు బోర్డు చూపించింది. టేపు పట్టి కొలిస్తే 140 మీటర్లు. మధ్యలో రెండు లేఅవుట్ల కాంపౌండు గోడ, గేటు లేదు. రోడ్డు మీదుగా 1,300 మీటర్లు. నేను ఒక్కణ్ణే నడిస్తే పదహారు నిమిషాలు పట్టింది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఆటోలో వెళ్తుంది. అంత దగ్గరలో ఉన్న షాపుకు ఆటో!

దీన్ని కొలిచే పద్ధతి తేలిక. నడవాల్సిన దూరాన్ని నేరు దూరంతో భాగించండి. ఆవిడ విషయంలో 9 దాటింది. 1.5 లోపు ఉంటే బాగున్నట్టు, 2 దాటితే ఎక్కడో గోడో, మూసిన వీధో ఉన్నట్టు. కొత్త లేఅవుట్లకు షరతు ఒక్క వాక్యం చాలు: పక్క భూమి వైపు ప్రతి 100, 150 మీటర్లకు ఒక వీధి గానీ, నడక దారి గానీ హద్దు దాకా వేసి వదలాలి. కట్టేసిన గోడల్లో ఒక మీటరు వెడల్పు సందు తీయించడం కూడా గొప్ప పనే. రింగు రోడ్డంత పేరు రాదు గానీ, పెట్టిన ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే పని నాకు కనబడలేదు.

7. నీటి దారి వదిలేయండి

చెరువులు, వాగులు, వరద పల్లాలు గీతల కన్నా ముందు మ్యాపు ఎక్కాలి. మిగిలిపోయిన ముక్కను పార్కు అని పేరు పెట్టి చూపించడం పాత ఎత్తు. ఎండాకాలంలో ఏ నేలైనా ప్లాటులాగే కనిపిస్తుంది. మొదటి పెద్ద వాన పడ్డప్పుడు ఫోన్ పట్టుకుని వెళ్లి, నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పారాయో ఫొటోలు తీయండి. ఆ ఫొటోలు ఉంటే ఏ సర్వే మ్యాపుతోనైనా వాదించొచ్చు.

8. డబ్బు ఎవరిది?

ఊరంతటికీ ఒకే అభివృద్ధి రుసుము పెట్టకండి. దగ్గరున్నవాడు దూరం వాడి పైపుకు కట్టినట్టవుతుంది. ఉన్న పైపు చివరి నుంచి ఎంత దూరమో చూసి రుసుము వేయండి. అనుమతికి ముందే కొంత మొత్తం డిపాజిట్ తీసుకుని, అప్పగించిన మూడేళ్ల దాకా పట్టి ఉంచండి. అసలు నేలలో ఏం వేశారో చూపే డ్రాయింగు, పైపు లోపల కెమెరా పంపి తీసిన వీడియో లేకుండా అప్పగింత తీసుకోకండి. ఆ ఖాళీ గడి నేర్పిన పాఠం ఇది.

విలువ పెరిగిన చోట కొన్ని ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు అందే ధరలో ఉండేలా షరతు పెట్టండి. లేకపోతే ఊళ్లో పనిచేసేవాళ్లే ఊరి బయటికి నెట్టబడతారు, ఊరి ఏ పాకుడును (చెల్లాచెదురు పెరుగుదలను) ఆపాలనుకున్నారో దాన్ని మీరే మొదలుపెట్టినవాళ్లవుతారు.

ఎక్కువగా జరిగే తప్పులు

సాంద్రత అంటే ఆకాశహర్మ్యాలు అనుకోవడం. హైవే పక్కన ఒంటరిగా నిలబడ్డ ఇరవై అంతస్తుల టవరు కూడా పాకుడే, నిలువుగా పాకింది. అందులోంచి నడిచి వెళ్లడానికి ఏమీ లేదు. సమావేశాల్లో "హెక్టారుకు 60 ఇళ్లు" అనకండి, జనం జడుసుకుంటారు. అంతే సాంద్రత ఉన్న, వాళ్లకు తెలిసిన వీధి ఫొటో చూపించి, "ఇది ఎంత ఉంటుందో చెప్పండి" అని అడగండి.

ట్రాఫిక్ పెరిగిందని శివారు రోడ్డు వెడల్పు చేయడం మరో తప్పు. వెడల్పైన రోడ్డు ఇంకా దూరంగా ప్లాట్లు అమ్ముకోవడానికి ప్రకటన అవుతుంది. కొన్నేళ్లకు రోడ్డు మళ్లీ నిండుతుంది.

బస్సు తర్వాత వస్తుందని నమ్మడం. ఇళ్లు విసిరేసినట్టు దూరదూరంగా ఉన్న చోటికి బస్సు నడిపితే సీట్లు నిండవు. నిండక నష్టం, నష్టం వల్ల ట్రిప్పులు తగ్గింపు. స్టాపు ఎక్కడ రావాలో తేల్చి, ఇళ్లను దాని దగ్గరికి తీసుకురండి.

అన్నింటికన్నా చేటు మినహాయింపులు. ప్లాను బాగుంటుంది, ఏడాదికి నలభై "ఈ ఒక్కసారికి" అనుమతులు బయటికి పోతాయి. ప్రతి మినహాయింపునూ కారణంతో సహా మ్యాపు మీద చుక్కగా పెట్టి ఆఫీసు గోడకు అంటించండి. చుక్కలన్నీ ఒకే రోడ్డు వెంబడి కనిపిస్తే ప్లాను ఎవరు రాస్తున్నారో తెలిసిపోతుంది.

పని జరుగుతోందో లేదో ఎలా చూడాలి

ఏటా ఆరు అంకెలు రాసుకోండి. కొత్త ఇళ్లలో గీత లోపల ఎన్ని శాతం. తలసరి నేల. స్టాపుకు 400 మీటర్ల లోపు ఎన్ని ఇళ్లు. ఏవో ఇరవై ఇళ్ల నుంచి బడికి, దుకాణానికి నడక దూరం, నేరు దూరం నిష్పత్తి. ఒక్కో కనెక్షనుకు ఎన్ని మీటర్ల పైపు. మినహాయింపుల సంఖ్య.

మొదటి రెండేళ్లు ఏమీ కదలదు, కంగారు పడకండి. అప్పటికే ఇచ్చేసిన అనుమతుల ప్రకారం ఇళ్లు లేస్తూనే ఉంటాయి. ముందుగా కదలాల్సింది మినహాయింపుల సంఖ్య, తర్వాత గీత లోపలి అనుమతులు. తలసరి నేల మారడం ఐదేళ్లకు గానీ కనిపించదు. మూడో ఏడాదికీ మినహాయింపులు తగ్గకపోతే మిగతా కొలతలు పక్కన పెట్టి, ముందు ఆ చుక్కల మ్యాపు తీసుకుని సమావేశం పెట్టించండి.

అంకెలన్నీ బాగుండి అద్దెలు మాత్రం ఎగబాకుతుంటే తప్పు ఐదో మెట్టులో ఉంది. గీత ఒక్కటే పనిచేస్తోంది, లోపల కట్టనివ్వట్లేదన్నమాట. గీత జరిపే ముందు అక్కడికి వెళ్లి, ఏ నిబంధన దగ్గర దరఖాస్తులు ఆగుతున్నాయో ఫైళ్లు తీసి చూడండి. సాధారణంగా ఒకటో రెండో పేజీలే అడ్డం ఉంటాయి.

కొలతలు ఏటా ఒకే నెలలో తీయండి, ఆకాశం తేటగా ఉండే నెల చూసుకుని. మబ్బుల్లో తీసిన ఉపగ్రహ చిత్రంలో కొత్త కాలనీ మొత్తం మాయమవుతుంది. దున్నిన పొలం, చదును చేసిన లేఅవుట్ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, అనుమానం వచ్చిన ప్రతి ముక్కకూ మనిషిని పంపించి చూసిరమ్మనండి.